పిల్లల గడ్డానికి దెబ్బ తగిలితే...

ముందు చిన్న పరీక్ష చేసుకోండి. రెండు చూపుడువేళ్ళనూ రెండు చెవుల ముందు, చెవి రంధ్రానికి అడ్డంగా ఉండే ఆ చిన్న బుడిపెకు ఆనించి పెట్టుకోండి. నోరు మెల్లగా తెరవండి. వేళ్ళ కింద ఏదో గుండ్రటిది ముందుకు జారిపోయి, అది ఉన్న చోట చిన్న గుంట పడుతుంది. నోరు మూయండి. జారిపోయినది వెనక్కి వచ్చి తన చోట కూర్చుంటుంది. అదే మీ దవడ కీలు.

మోకాలు నొప్పి పుడితే మోకాలే చూపిస్తాం. మెడ పట్టేస్తే మెడే చూపిస్తాం. దవడ కీలు దగ్గరకు వచ్చేసరికి మాత్రం తికమక పడతాం. చెవిపోటనుకొని చెవిలో చుక్కలు వేసుకునేవారు, పంటిపోటనుకొని బాగున్న పన్ను పీకించుకునేవారు, కణత నొప్పికి ఏళ్ళ తరబడి తలనొప్పి మాత్రలు మింగేవారు నా దగ్గరకు వస్తూనే ఉంటారు. అసలు దవడకు ఒక కీలుందని, అది ఒంట్లో అన్ని కీళ్ళకన్నా ఎక్కువ చాకిరీ చేసేవాటిలో ఒకటని వాళ్ళకెవ్వరూ చెప్పలేదు. మాట్లాడినా, తిన్నా, ఆవులించినా, గుటక వేసినా అది కదలవలసిందే.

మన పురాణాలు మాత్రం దవడను మరిచిపోలేదు. 'హనువు' అంటే దవడ. పసివాడైన ఆంజనేయుడు ఉదయిస్తున్న సూర్యుణ్ణి చూసి పండనుకొని ఆకాశానికి ఎగిరాడు. ఇంద్రుడు వజ్రాయుధంతో కొట్టాడు. పిల్లవాడు కొండమీద పడ్డాడు, ఎడమ దవడ విరిగింది, హనుమంతుడన్న పేరు నిలిచింది. ఈ కథ మనందరికీ తెలిసిందే. నేను ఈ వృత్తిలోకి వచ్చాక ఈ కథ విన్నప్పుడల్లా వైద్యుడి సందేహం ఒకటి వస్తుంది. అంత పసితనంలో అంత ఎత్తునుంచి పడి దవడ విరిగిన పిల్లవాడి నోరు తర్వాత సరిగ్గా తెరుచుకుందా అని! ఆయనకు దేవతలందరూ వరాలిచ్చారు కాబట్టి బెంగ లేదు. మన ఇళ్ళల్లో అరుగుల మీంచి, మెట్ల మీంచి, మంచాల మీంచి బోర్లా పడే పిల్లలకు అలాంటి వరాలు లేవు. వాళ్ళకున్నది అమ్మా నాన్నల జాగ్రత్త ఒక్కటే. ఈ వారం నా మాటలన్నీ దాని గురించే.

మడతబందూ అదే, సొరుగూ అదే

మీ ఇంటి తలుపుకు మడతబందులు ఉంటాయి. తలుపు వాటిమీద తిరుగుతుంది గాని ముందుకు జరగదు. బల్లకు సొరుగు ఉంటుంది. అది ముందుకు జరుగుతుంది గాని తిరగదు. దవడ కీలు ఈ రెండు పనులూ చేస్తుంది.

కింది దవడ గుర్రపు నాడాలాంటి ఒకే ఎముక. దాని రెండు కొసలూ పైకి వంగి చెవుల ముందుకు వచ్చి, ఒక్కొక్క గుండ్రటి తలగా ముగుస్తాయి. ఈ తల కణత ఎముక అడుగున ఉన్న ఒక చిన్న గుంటలో అమరి ఉంటుంది. ఆ గుంటకు ముందు ఒక చిన్న గట్టు ఉంది. తలకూ గుంటకూ మధ్య ఒక మెత్తని బిళ్ళ ఉంటుంది. మధ్యలో పలచగా, అంచుల్లో మందంగా ఉండే ఈ బిళ్ళ కీలును రెండు గదులుగా విడదీస్తుంది. మీరు నోరు తెరవడం మొదలు పెట్టగానే కింది గదిలో ఎముక తల తలుపులాగా తిరుగుతుంది. ఇంకా పెద్దగా తెరిస్తే ఆ తల, దానిమీది బిళ్ళ కలిసి పై గదిలో సొరుగులాగా ముందుకు, గట్టు అంచు దాకా జారుతాయి. ఇందాక మీ వేళ్ళకు తెలిసింది ఈ జారడమే.

పెద్దవాళ్ళకు పై పళ్ళకూ కింది పళ్ళకూ మధ్య సుమారు 40 నుంచి 50 మిల్లీమీటర్ల దాకా నోరు తెరుచుకోవాలి. కొలబద్ద అక్కర్లేదు. ఎవరి చూపుడు, నడిమి, ఉంగరం వేళ్ళు మూడూ ఒకదానిమీద ఒకటి నిలువుగా పేర్చి వాళ్ళ ముందు పళ్ళ మధ్య పెట్టుకుంటే పట్టాలి. పిల్లలకు పిల్లల వేళ్ళే కొలత. ఈ మూడు వేళ్ళ లెక్క మరిచిపోకండి, మళ్ళీ అవసరం పడుతుంది.

మరొక విశేషం. కుడి మోకాలు పాడైతే ఎడమ మోకాలు తన పని తాను చేసుకుంటుంది. దవడ కీళ్ళకు ఆ స్వాతంత్ర్యం లేదు. రెండు కీళ్ళూ ఒకే ఎముక చివరలు కాబట్టి రెండూ కలిసి కదలాలి. ఒకటి బిగుసుకుంటే రెండోది ఎంత ఆరోగ్యంగా ఉన్నా నోరు తెరుచుకోదు. కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి కూలబడితే రెండోది మాత్రం బండిని ఎంత దూరం లాగుతుంది?

తల్లి కడుపులో

ఈ కీలు తయారయ్యే తీరు వింటే ఆశ్చర్యం వేస్తుంది. తల్లి కడుపులో పిండానికి ఆరో వారం వచ్చేసరికి కింది దవడ చోట మెత్తని మృదులాస్థి కడ్డీ ఒకటి ఏర్పడుతుంది. దీన్ని 1820లో జర్మన్ శాస్త్రజ్ఞుడు మెకెల్ వర్ణించాడు కాబట్టి మెకెల్ మృదులాస్థి అంటారు. దవడ ఎముక ఈ కడ్డీ పక్కన, దాన్ని ఆసరాగా చేసుకొని పెరుగుతుంది. మరి కడ్డీ ఏమవుతుంది? చాలా భాగం కరిగిపోతుంది. వెనక కొస మాత్రం చెవిలోకి చేరి, వినికిడికి పనికొచ్చే బుల్లి ఎముకల్లో సుత్తి ఎముక అవుతుంది. దాని పక్కనే దాగలి ఎముక తయారవుతుంది.

బల్లులు, పాములవంటి జీవుల్లో దవడ కీలు ఏర్పడేది సరిగ్గా ఈ రెంటికీ సాటివచ్చే ఎముకల మధ్యనే. 1837లో రైకెర్ట్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు పిండాలను పరీక్షించి ఈ సంగతి బయటపెట్టాడు. పాములకు దవడ కీలుగా పనిచేసే ఎముకలే మనకు చెవిలో చప్పుడును మోసే ఎముకలయ్యాయన్నమాట. మనలాంటి పాలిచ్చే జంతువులు ఆ పాత కీలును చెవికి ఇచ్చేసి, దాని ముందు కొత్త కీలు కట్టుకున్నాయి. దవడ కీలుకు చెవి అంత దగ్గర చుట్టం కావడానికి, చెవిలో చీము పట్టిన వ్యాధి కొందరు పిల్లల్లో కీలుకు పాకడానికి, కీలు నొప్పి చెవిపోటులాగా అనిపించడానికి కారణం ఈ ఇరుగుపొరుగుతనమే.

కొత్త కీలు పని ఏడెనిమిది వారాలకు మొదలవుతుంది. కణత ఎముక వైపు ఒక ముద్ద, దవడ ఎముక వైపు ఒక ముద్ద దూర దూరంగా పుట్టి, ఒకదానికేసి ఒకటి పెరుగుతూ వస్తాయి. పదో వారం ప్రాంతంలో కింది గది, పన్నెండో వారం ప్రాంతంలో పై గది తెరుచుకుంటాయి. పధ్నాలుగో వారానికి కీలులోని ముఖ్య భాగాలన్నీ కనిపిస్తాయి. ఆ రోజుల్లోనే పిండం నోరు కదిలించడం, గుటకలు వేయడం నేర్చుకుంటుంది. నాలుగో నెలలో స్కానింగులో బిడ్డ ఆవులించడం కూడా కనిపిస్తుంది. ఆ కదలికలు ఉత్త ఆటలు కావు. కదలిక ఉంటేనే ఆ గదులు చక్కగా తెరుచుకుంటాయి. కీలును తయారుచేసేది కదలిక, కాపాడేది కూడా కదలికే. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే ముందు చెప్పబోయేదంతా సులువుగా అర్థమవుతుంది.

పుట్టిన బిడ్డకు కణత ఎముకలో గుంట ఇంచుమించు బల్లపరుపుగా ఉంటుంది. గట్టు ఉండదు. పాలు తాగడానికి దవడ ముందుకూ వెనక్కూ జారితే చాలు కదా! గడ్డం దగ్గర కింది దవడ రెండు ముక్కలుగానే ఉండి, మొదటి ఏడాదిలో అతుక్కుంటుంది. పళ్ళు వచ్చి, అన్నం నమలడం మొదలయ్యాక గుంట లోతు పెరుగుతుంది, గట్టు లేస్తుంది. బోసినోటి పాపాయికి గడ్డం వెనక్కి పోయినట్టు ఉండి, ఎదిగేకొద్దీ ముందుకు రావడం మీరు చూసే ఉంటారు. ఆ ఎదుగుదలలో చెవి ముందున్న ఎముక తలమీది మృదులాస్థికి ముఖ్యమైన పాత్ర ఉంది. అది పదహారు, పద్దెనిమిదేళ్ళు దాటేవరకూ పనిచేస్తూనే ఉంటుంది. చిన్నతనంలో అది చెడితే గడ్డం ఎదగదు.

గడ్డానికి తగిలి చెవి దగ్గర తేలే దెబ్బ

పిల్లలు బోర్లా పడితే ముందు నేలకు తగిలేది గడ్డం. అక్కడ చర్మం చీలుతుంది, రక్తం కారుతుంది. ఇంటిల్లిపాదీ ఆ గాయం చుట్టూ చేరతారు. రెండు మూడు కుట్లు పడతాయి. వారంలో గాయం మానుతుంది. అందరూ మరిచిపోతారు.

కాని ఆ దెబ్బ గడ్డం దగ్గర ఆగలేదు. గుర్రపు నాడా మధ్యలో కొడితే అదురు రెండు కొసలకూ పోయినట్టు, గడ్డం మీద పడిన దెబ్బ దవడ ఎముక గుండా కీలు దాకా పోతుంది. పెద్దవాళ్ళలో ఎముక తల కింద సన్నని మెడ ఉంటుంది. దెబ్బకు ఆ మెడ విరుగుతుంది. ఒక విధంగా అది మేలే, పైనున్న మెదడుకు దెబ్బ పోకుండా మెడ తాను విరిగి ఆపుతుంది. చిన్నపిల్లల్లో, ముఖ్యంగా అయిదేళ్ళలోపు వారిలో, ఆ మెడ పొట్టిగా, లావుగా ఉంటుంది. తల మెత్తగా, రక్తనాళాలతో నిండి ఉంటుంది. అందువల్ల మెడ విరగకుండా తల చితుకుతుంది. కీలులో రక్తం నిండుతుంది. నొప్పికి పిల్ల నోరు కదపదు. కదలకుండా గడ్డకట్టిన రక్తంలో మెల్లగా నార పదార్థం, తర్వాత ఎముక పుట్టి, దవడ తలను పుర్రె ఎముకకు అతికేస్తుంది. కీలు ఉండవలసిన చోట ఎముక ముద్ద మిగులుతుంది. అక్కడితో నోరు మూతపడుతుంది, గడ్డం ఎదుగుదల ఆగుతుంది.

ఇది ఒక్కరోజులో జరిగేది కాదు. నెలలు, ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది. అందుకే పడిన రోజుకూ నోరు మూతపడిన రోజుకూ ఉన్న సంబంధం ఇంట్లో ఎవరికీ తట్టదు.

అటుకు పట్టేంత సందు

కొన్నేళ్ళ కిందట తొమ్మిదేళ్ళ పిల్లను తీసుకొని తల్లి, నాయనమ్మ నా దగ్గరకు వచ్చారు. పిల్ల పళ్ళ మధ్య అటుకు పట్టేంత సందు మాత్రమే ఉంది. ఎంత ప్రయత్నించినా అంతకు మించి తెరుచుకోదు. మూడేళ్ళప్పుడు అరుగు మీంచి పడిందట. గడ్డానికి మూడు కుట్లు పడ్డాయట. కుట్లు విప్పించాక మళ్ళీ చూపించాలని ఎవరూ చెప్పలేదట.

"అయిదో ఏడు వచ్చేసరికి ముద్ద చిన్నదిగా పెట్టమనేదండీ. గారాబమనుకున్నాం. తర్వాత పిసికి పెట్టమంది. మొండితనమనుకున్నాం," అంది తల్లి.

"రాత్రిళ్ళు గురక పెడుతుంటే పిల్లది గాఢంగా నిద్రపోతోందని సంబరపడేదాన్ని నాయనా," అంది నాయనమ్మ.

అది గాఢ నిద్ర కాదు. దవడ ఎదగక, నాలుక వెనక్కి పడి, ఊపిరి దారి ఇరుకై, రాత్రంతా ఆ పసిది గాలికోసం పెనుగులాడుతోంది. పగలు బడిలో కునికిపాట్లు పడుతోందని పంతులమ్మగారు ఫిర్యాదు చేశారట కూడా.

తల్లి పిల్ల కుడి చెంప చూపించి, "ఈ పక్క చప్పిడిగా ఉందండీ, జబ్బు ఇటేనేమో," అంది. ఆమె అనుకున్నది సహజమే గాని, జబ్బు ఎడమ పక్క ఉంది. కీలు బిగుసుకున్న పక్క ఎముక పొట్టిగా ఉండిపోయి చెంప గుండ్రంగా, నిండుగా కనిపిస్తుంది. బాగున్న పక్క ఎముక పెరుగుతూ పోయి చెంప చదునుగా కనిపిస్తుంది. గడ్డం జబ్బున్న పక్కకే తిరుగుతుంది. ఇంట్లోవాళ్ళు చాలామంది బాగున్న పక్కనే జబ్బు పక్క అనుకుంటారు. మీరు పొరపడకండి.

ఆ పిల్ల నాతో చెప్పిన మాట ఒకటి ఇప్పటికీ మరిచిపోలేదు. ఏడో ఏట ముందు పాలపళ్ళు ఊడితే అందరి పిల్లలూ సిగ్గుపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. ఈ పిల్ల సంతోషించిందట. ఆ ఖాళీలోంచి ఇడ్లీ ముక్క, అరటిపండు లోపలికి పోయేవి. తర్వాత కొత్త పళ్ళు మొలుచుకొచ్చి ఆ కిటికీ కాస్తా మూసుకుపోయింది. "ఆ పళ్ళు రాకపోతే బాగుండేది," అంది, బిగిసిన పళ్ళ మధ్యనుంచే. అప్పటినుంచీ జావ, పాలు, చారులో పలచగా పిసికిన అన్నమే ఆహారం. తొమ్మిదేళ్ళ పిల్ల ఆరేళ్ళ పిల్లలా ఉంది.

దీనికి మందూ మాకూ లేవు. కాపడాలతో, తైలాలతో అతుక్కున్న ఎముక విడిపోదు. బలవంతాన నోరు విప్పదీస్తే పళ్ళు ఊడతాయి తప్ప కీలు కదలదు. ఆపరేషన్ ఒక్కటే మార్గం. అది కూడా తేలిక కాదు. నోరు తెరుచుకోదు కాబట్టి మత్తు డాక్టరు సన్నని దూరదర్శిని గొట్టం సాయంతో ముక్కుగుండా ఊపిరి గొట్టం వెయ్యాలి. తర్వాత చెవి ముందునుంచి వెళ్ళి, అతుక్కున్న ఎముక ముద్దను తీసివేసి, మళ్ళీ అతుక్కోకుండా ఆ ఖాళీలో కణత కండరం దగ్గరి పొరను అడ్డంగా పెడతాం. అవసరాన్ని బట్టి పక్కటెముక ముక్కను దాని మృదులాస్థితో సహా తెచ్చి కొత్త తలగా అమర్చడం కూడా ఉంది.

"ఆపరేషన్ చేస్తే నోరొస్తుందాండీ?" అని అడిగింది తల్లి.

"నోరు తెరిపించేది మేము. తెరిచిన నోరు నిలబెట్టవలసింది మీరమ్మా," అన్నాను.

అది మర్యాదకు అన్న మాట కాదు. ఆపరేషన్ అయిన కొద్ది రోజులనుంచే రోజుకు నాలుగైదుసార్లు నోరు సాగదీసే వ్యాయామం చెయ్యాలి. ఐస్‌క్రీము పుల్లల్లాంటి చదును చెక్కలు ఒకదానిమీద ఒకటి పేర్చి పళ్ళ మధ్య పెట్టి, కాసేపు ఉంచి, ఇంకొకటి దూర్చాలి. నొప్పి పుడుతుంది. పిల్ల ఏడుస్తుంది. ఇది పది రోజుల ముచ్చట కాదు, కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది. మానేస్తే కీలు మళ్ళీ బిగుసుకుపోతుంది. ఆపరేషన్ బాగా జరిగి కూడా నోరు మళ్ళీ మూతపడిన కేసుల్లో ఈ వ్యాయామం మానెయ్యడమే ముఖ్యమైన కారణంగా కనిపిస్తుంది.

మూడోవారంలో ఆ తల్లి కళ్ళనీళ్ళతో వచ్చింది. పిల్ల ఏడుపు చూడలేక రెండు రోజులు ఆపిందట. ఆ రెండు రోజుల్లో మూడు పుల్లల నోరు తగ్గిపోయింది. ఏ తల్లికైనా కడుపు నింపడం తెలుసు గాని, చేతులారా బిడ్డను ఏడిపించడం ఎలా వస్తుంది? ఆమెను నేను ఒక్కమాట కూడా అనలేదు. పక్కన కూర్చున్న నాయనమ్మ మాత్రం, "ఇటియ్యి, నేను చేస్తాను," అంది.

ఆవిడ చిన్నప్పటినుంచీ కళ్ళంలో ధాన్యం కొలిచిన మనిషి. మొదటి పుల్ల పెట్టి "లాభం" అనేది. తర్వాత "రెండు, మూడు" అంటూ లెక్కపెట్టేది. పిల్ల కూడా వేళ్ళు చూపిస్తూ లెక్క కలిపేది. ఏడుపు ఆగలేదు గాని, ఏడుపుతో పాటు లెక్క కూడా సాగింది. పుల్ల మందం సుమారు రెండు మిల్లీమీటర్లు. ఏడాది తిరిగేసరికి పదిహేడు పుల్లలయ్యాయి. అంటే 34 మిల్లీమీటర్లు. ఈలోగా ఒకరోజు తల్లి ఫోను చేసి, ఏదో ఘనకార్యం జరిగినట్టు, "పాప ఆవులించిందండీ!" అని చెప్పింది. ఘనకార్యమే మరి. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టేవాళ్ళుంటారంటారు. ఆ పిల్ల ఆవులిస్తే ఇంటిల్లిపాదీ పళ్ళు లెక్కపెట్టుకున్నారు.

అంతా సుఖాంతమని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. గడ్డం ఇంకా చిన్నదే. ముఖం ఒక పక్కకు తిరిగే ఉంది. దవడను మెల్లమెల్లగా సాగదీసి పొడిగించే మరో ఆపరేషన్ ఆమెకు అవసరమవుతుంది. పోయిన ఆరేళ్ళ ఎదుగుదలను ఎవరూ పూర్తిగా తెచ్చి ఇవ్వలేరు. అందుకే అసలు వైద్యం దెబ్బ తగిలిన మొదటి రోజునే మొదలు కావాలంటున్నాను.

దెబ్బ తగిలిన రోజున ఏం చెయ్యాలి?

గడ్డం పగిలిందంటే చెవి ముందు కూడా చూడాలని గుర్తుంచుకోండి. ఈ కింది లక్షణాల్లో ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకు చూపించండి:

చెవి ముందు వాపు, నొప్పి ఉండడం. నోరు తెరిచినప్పుడు గడ్డం ఒక పక్కకు లాగడం. పై పళ్ళూ కింది పళ్ళూ ఇదివరకటిలా కలవకపోవడం. చెవిలోంచి రక్తం రావడం. నమలడానికి పేచీ పెట్టడం. దెబ్బ తర్వాత వాంతులు, మగత, స్పృహ తప్పడం ఉంటే అది తలకు తగిలిన దెబ్బ కావచ్చు, వెంటనే ఆస్పత్రికి పరుగెత్తవలసిందే.

ఎక్స్‌రేలోనో, సీటీ స్కానులోనో కీలు దగ్గర ఎముక విరిగిందని తేలితే భయపడకండి. చిన్నపిల్లల్లో చాలావాటికి ఆపరేషన్ అక్కర్లేదు. కొద్దిరోజులు మెత్తటి ఆహారం, నొప్పికి మందు, ఆ తర్వాత త్వరగా నోరు కదిలించడం, ఇదే వైద్యం. దవడకు తలపాగాలా కట్టు కట్టి వారాల తరబడి కదలకుండా ఉంచడం పిల్లల విషయంలో మంచిది కాదు. విరిగిన చెయ్యిని కదలనివ్వకూడదు. విరిగిన పసి దవడను మాత్రం కదలకుండా వదలకూడదు. ఎప్పటినుంచి, ఎంత కదపాలో డాక్టరు చెబుతారు.

గాయం మానాక కూడా నెలకోసారి మూడు వేళ్ళ పరీక్ష చెయ్యండి. కనీసం ఏడాదిపాటు మానకండి. ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు చూస్తూ ఉండండి. గోడ క్యాలెండరు మీద ఒకటో తారీఖు దగ్గర గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది. నోరు తగ్గుతున్నట్టు అనుమానం వస్తే మీ ఊరి దంతవైద్యుణ్ణి అడిగి, దవడ, ముఖ శస్త్రచికిత్స చేసే డాక్టరు దగ్గరకు వెళ్ళండి. హైదరాబాదు, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలున్నాయి. చెవిలో చీము కారే పిల్లలకు కూడా ఈ పరీక్ష చేస్తుండాలి. చెవి చీమును "అదే పోతుందిలే" అని వదిలెయ్యకండి.

పెద్దవాళ్ళ మాటేమిటి?

నోరు తెరిచినప్పుడు చెవి దగ్గర 'టిక్కు'మంటోందని కంగారుపడుతూ వచ్చేవారు చాలామంది. లోపలి బిళ్ళ కాస్త ముందుకు జరిగి, నోరు తెరిచేటప్పుడు మళ్ళీ తన చోటికి దూకితే ఆ చప్పుడు వస్తుంది. నొప్పి లేకుండా, నోరు బాగానే తెరుచుకుంటుంటే దానికి వైద్యమే అక్కర్లేదు. అస్తమానం తెరిచి మూసి చప్పుడు విని చూసుకోవడం మాత్రం మానండి.

నొప్పి కూడా ఉంటే కొన్నాళ్ళు దవడకు విశ్రాంతినివ్వండి. జంతికలు, చేగోడీలు, వక్కలు, చెరకు ముక్కలు పక్కన పెట్టండి. సోడా మూతలు పళ్ళతో తియ్యడం మగతనం కాదు, కీలుకు చేటు. ఒక పక్కనే నమలకండి. చెంపకు వేడి గుడ్డతో కాపడం పెట్టుకోండి. పరీక్షలకు చదివే పిల్లలు, లెక్కలతో కుస్తీపట్టే గుమాస్తాలు, మనసులో దిగులు పెట్టుకున్న గృహిణులు తమకు తెలియకుండానే పళ్ళు బిగబట్టి ఉంటారు. పళ్ళు కలవవలసింది నమిలేటప్పుడు, మింగేటప్పుడు. మిగతా వేళల్లో పెదవులు కలిసి, పళ్ళు విడివడి, నాలుక అంగిలికి ఆని ఉండాలి. ఈ వాక్యం చదువుతున్నప్పుడు మీ పళ్ళు ఎలా ఉన్నాయో చూసుకోండి!

కొందరికి పెద్దగా ఆవులించగానే ఎముక తల గట్టు దాటిపోయి, తెరిచిన నోరు మూతపడదు. అది చూసి ఇంట్లోవాళ్ళు గాలి సోకిందని బెదిరిపోతారు. దెయ్యమూ లేదు, గాలీ లేదు. డాక్టరు బొటనవేళ్ళకు గుడ్డ చుట్టుకొని, కింది దంతాల మీద పెట్టి, కిందికి అదిమి వెనక్కి తోస్తే కీలు తన చోట కూర్చుంటుంది. హిప్పోక్రటీసు నాటి పద్ధతి ఇది. తప్పిన దవడ కీలుకు కాపడం పెట్టి, సరిచేసి, కట్టు కట్టమని మన సుశ్రుత సంహితలోనూ ఉంది. ఇంట్లో ఎవరంటే వారు ప్రయత్నించకూడదు. ఒకసారి అలా జరిగినవారు ఆవులింత వచ్చినప్పుడు పిడికిలి గడ్డం కింద ఆనించుకోవాలి. మన పెద్దలు ఆవులిస్తూ నోటి ముందు చిటికెలు వేస్తారు. వీళ్ళు చిటికెలకు బదులు పిడికిలి వాడాలి.

నోరు తెరుచుకోకపోవడానికి కీలు ఒక్కటే కారణం కాదు. ఏదైనా గాయం తర్వాత దవడలు బిగుసుకుంటే ధనుర్వాతం కావచ్చు, గంట కూడా ఆగకండి. టీకా వేయించుకుంటే అది రాకుండా కాపాడుకోవచ్చు. వక్క, గుట్కా నమిలేవారికి నోట్లో కారం మండి, బుగ్గలు తెల్లబడి గట్టిపడి, నోరు క్రమంగా చిన్నదవుతుంది. అది తర్వాత కేన్సరుకు దారి తీయగల జబ్బు. ఆ అలవాటు ఆ రోజే మానెయ్యాలి. చివరి దంతం వచ్చేటప్పుడు చిగురు వాచినా నోరు పట్టేస్తుంది. నడిచినప్పుడో, మెట్లెక్కినప్పుడో దవడ లాగి, ఆగితే తగ్గుతుంటే అది గుండె నొప్పి కావచ్చు. గుండె డాక్టరు దగ్గరకు వెళ్ళండి, పళ్ళ డాక్టరు దగ్గరకు కాదు.

చివరగా ఒక్క మాట. రాత్రి అన్నాలప్పుడు పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టి, ఎవరి మూడు వేళ్ళు వాళ్ళ నోట్లో పెట్టుకోమనండి. వాళ్ళకది ఆటలా ఉంటుంది, నవ్వుకుంటారు. ఎవరికైనా రెండు వేళ్ళే పడితే ఆ పిల్లవాడు ఎప్పుడైనా గడ్డం మీద పడ్డాడేమో గుర్తు తెచ్చుకోండి. గుర్తు రాకపోయినా సరే, తెల్లవారగానే డాక్టరు దగ్గరకు బయల్దేరండి. పెరిగే వయసులో పోయిన నెలలు తిరిగి రావు.